తూకం అక్క విమానమెక్కిన రోజు

జలపాతం మీదుగా చిన్న విమానంలో జనాన్ని తిప్పి తీసుకురావడం నా ఉద్యోగం. ఎక్కినవాళ్ళంతా నోరు వెళ్ళబెట్టి చూస్తారు. నాకు మాత్రం రోజూ అవే నీళ్ళు, అదే లోయ, పైగా వెనక సీట్లో వాంతులు. అందుకే ఆ జలపాతం అందం గురించి నన్నడగొద్దు. మా తూకం అక్క గురించి అడగండి, చెబుతాను.

ఎక్కేముందు ప్రతి మనిషినీ తూచాలి. బరువు ఒకవైపు మొగ్గితే గాల్లో నా ప్రాణం మీదికొస్తుంది. ఆ పని అక్కది. రేకుల షెడ్డులో స్టూలు వేసుకుని, ముల్లు తనకొక్కదానికే కనబడేలా కాటాను తిప్పుకుని కూర్చునేది. ఎవరి బరువూ పైకి అనదు. నా చెవిలో చెప్పి, ఎవరెక్కడ కూర్చోవాలో చూపిస్తుంది. మామూలుగా నోరు పెద్దదే, ఈ ఒక్క విషయంలో పెదవి విప్పేది కాదు.

ఇన్నేళ్ళూ జనాన్ని ఎక్కించడమే గాని తను ఎక్కలేదు. ఎక్కితే చెల్లెలితోనే అని పట్టు. తల్లి పోయాక ఆ పిల్లను పెంచింది తనే. చెల్లెలికి పెద్ద జబ్బు చేసింది, ఈమధ్యే నయమైందని ఆ పిల్లే అక్కకి చెప్పింది. ఇంకేం, "మా ఇద్దర్నీ తిప్పుకురా తమ్ముడూ" అని అక్క నా బుర్ర తినేసింది.

ఆ రోజు చెల్లెలు మండే ఎండలో రెండు స్వెట్టర్లు వేసుకొచ్చింది. చేతిసంచి చంకన పెట్టుకునే కాటా ఎక్కింది.

"సంచి ఇటివ్వవే, అది వేరే తూచాలి."

"నా దగ్గరే ఉండనీ అక్కా."

"నా చెల్లెలివని నీకో రూలా?" అంటూ అక్క సంచి లాక్కుంది. బరువుకి చెయ్యి కిందికి వాలిపోయింది. జిప్పు తీస్తే తువ్వాల్లో చుట్టిన ఇస్త్రీపెట్టె.

"విమానానికి ముడతలు తీస్తావా ఏంటమ్మా?" అని పగలబడి నవ్వాను.

"రిపేరుకిద్దామని తెచ్చా," అంది చెల్లెలు. ఆమె నవ్వలేదు. తన కోసం అక్క రూలు పక్కన పెడుతుందనుకోవడమే ఆమె చేసిన తప్పు.

అక్క సంచి పక్కన పెట్టి ముల్లు రెండుసార్లు చూసుకుంది. తర్వాత నా చెవిలో చెప్పింది. బడికెళ్ళే పిల్లల బరువది. నా నవ్వుకి నాకే సిగ్గేసింది.

"కాస్త ఒళ్ళు చేశావే," అంది అక్క చెల్లెలితో. ఒకరి బరువు గురించి ఆమె పైకి మాట్లాడటం అదే మొదటిసారి. అదీ అబద్ధం.

ఇద్దరూ పక్కపక్కనే కూర్చోవాలనుకున్నారు, తూకం ఒప్పుకోలేదు. అక్క ముందు, నా పక్కన. చెల్లెలు వెనక. ఆమె బరువు చాలక పక్క సీట్లో ఇసకమూట పెట్టి బెల్టు కట్టాను. అలాంటి మూటలు ఎన్ని కట్టానో, ఆ రోజు మాత్రం చెల్లెలి మొహం చూడకుండా కట్టాను.

ఇంజను హోరులో మాటలు వినబడవు కాబట్టి ముగ్గురం మైకున్న హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాం. లోయ దాటగానే కింద నీళ్ళు, పైకి లేస్తున్న తెల్లటి తుంపర. అక్క కిందికి చూడలేదు. ఎదురుగా, వెనక సీటు కనబడే చిన్న అద్దాన్నే చూస్తోంది. నా చెవుల్లో ఏదో గరగర మొదలైంది. ఇంజనేమోనని హడలిపోయాను.

వెనకనుంచి చెల్లెలి గొంతు వినిపించింది, చాలా మామూలుగా.

"అక్కా, ఆ మైకు పక్కకి తిప్పుకో. నీ ఏడుపంతా మా చెవుల్లోనే ఉంది. నన్ను కాసేపు చూడనీ."