ఒక చెయ్యి జేబులో పెట్టుకుని రండి

నిన్న ఫోన్ మోగినప్పుడు నేను బల్బునే చూస్తూ కూర్చున్నాను.

చిత్తూరు బస్సు కండక్టర్ అంట.
"అమ్మా, కంప్యూటర్ ఫ్యాను ఒళ్ళో పెట్టుకోని కూర్చోనుండే అబ్బాయి మీ వాడేనా?" అన్నాడు.

మావాడే అన్నాను.
ఆ తర్వాత అతను చెప్పింది చెవికి ఎక్కలేదు.

మళ్ళీ బల్బు వైపు చూశాను.
సన్నగా, ఎర్రగానే ఉంది.
అలా ఉంటే అంతా బాగున్నట్టే అని కదా వాడు చెప్పి వెళ్ళింది!

మా గిరి ఇక లేడు.

మీరంతా వాడి పాత కంప్యూటర్ల ఫ్రెండ్స్. వాడు ఈ గ్రూపులో ఫోటోలు పెడితే కామెంట్లు రాసేవాళ్ళు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు టైప్ చేస్తోంది.
నాకు భయంగా ఉంది. మీతో పని పడింది. చివరిదాకా చదవండి.

మా ఇంట్లో మధ్యగదిలో ఉండే పెద్ద మిషన్ మీకు తెలుసు కదా. చిత్తూరులో మూతపడిన ఫ్యాక్టరీ గోడౌన్‌లో కొన్నాడు. మామిడికాయలు దించేసి ఖాళీగా వచ్చే లారీలో, గడ్డి పరిచి తిరుపతికి తెచ్చాడు.

"మినీ కంప్యూటర్ మా ఇది" అన్నాడు.
"ఏందిరా మినీ? దీంట్లో మీ నాయనమ్మ నిలబడొచ్చు!" అన్నాను.
వాడు నవ్విన నవ్వుకి లారీ వాళ్ళు కూడా నవ్వారు.

లోపల ఎలుకలు గూడు కట్టి ఉన్నాయి. బ్రష్షుతో అంతా దులిపాడు. లోపలుండే సర్క్యూట్ కార్డుల అంచులు పిల్లల పెన్సిల్ రబ్బరుతో ఎలా రుద్దాలో నాకు చూపించాడు. టీవీలో సీరియల్ చూస్తూ నేనూ రుద్దేదాన్ని.
"నువ్వు రుద్దినవి బంగారు గాజుల్లా ఉండాయి మా" అనేవాడు.

కరెంటు మాత్రం నాకు భయం.
వాళ్ళ నాయన పొలంలో మోటారు స్టార్టర్ దగ్గరే పోయాడు. తడి చేత్తో ముట్టుకున్నాడు, అంతే.

అందుకే వాడు మిషన్‌లో చెయ్యి పెట్టిన ప్రతిసారీ గుమ్మంలో నిలబడి తిట్టేదాన్ని.

"అరవద్దు మా. ఒక చెయ్యి లోపలుంటే ఇంకోటి జేబులో ఉండల్ల. అట్లయితే కరెంటు గుండె మీదుగా పోదు."
"లుంగీకి జేబు యాడుండాదిరా?"

వాడు తల గోక్కున్నాడు.
ఆ సాయంత్రమే వాడి లుంగీలన్నిటికీ జేబులు కుట్టాను. కట్టుకున్నప్పుడు జేబు ఒక్కోసారి వెనక్కి పోయేది. వెతుక్కుని మరీ చెయ్యి పెట్టేవాడు.

గుండె మీదుగా కరెంటు పోకూడదని జేబులు కుట్టాను.
ఆ గుండె బస్సులో దానంతట అదే ఆగిపోయిందంట.

ఏళ్ళ తరబడి పడి ఉన్న మిషన్‌కి ఒక్కసారిగా ఫుల్ కరెంటు ఇవ్వకూడదంట. వైరు మధ్యలో ఒక బల్బు పెట్టి, కొంచెం కొంచెంగా ఇచ్చి లేపాలంట. నిన్న పొద్దున కార్డులన్నీ తీసేసి, వెనక తలుపు ఊడదీసి, బల్బు వెలిగించాడు.

"మా, దీన్నే సూస్తా ఉండు. పెద్దగా వెలిగితే మెయిన్ ఆపెయ్. లేదంటే నేనొచ్చేదాకా ఉండనీ. చిత్తూరు పోయి దీని ఫ్యాను తీసుకోని అన్నం టైముకి వచ్చేస్తా."

వచ్చాడు. నలుగురు మోసుకొచ్చారు.

ఇల్లంతా జనం. ఏడుస్తూ కూడా నేను బల్బు వైపే చూశాను. నేనొచ్చేదాకా ఉండనీ అన్నాడు కదా. ఆపితే ఇక రాడని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది.

సాయంత్రం మగవాళ్ళు శ్మశానం నుంచి స్నానాలు చేసి తడిబట్టలతో వచ్చారు. మా తమ్ముడు నేరుగా మధ్యగదిలోకి వెళ్ళాడు. భుజం మీది తడి టవల్ తీశాడు. మిషన్ వెనక, ఆ తలుపు తీసేసిన చోటే ఆరేయబోయాడు.

నా అరుపుకి వీధిలో వాళ్ళు కూడా లోపలికి వచ్చారు.

"ఏందక్కా, పానం పోయేటట్టు అరిస్తివి! బీరువా మీద టవలు ఏసుకోనీవా?"
"పోయేదేరా! అది బీరువా గాదు. లోపల కరెంటుండాది. ముందు ఈడికి రా!"

వాడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. వాడి చెయ్యి పట్టుకుని చూశాను. ఇంకా తడిగానే ఉంది.

అప్పుడు లేచాను.
చీరకి జేబు లేదు కదా. ఎడమ చెయ్యి కొంగులో చుట్టి నడుముకి అదిమి పెట్టుకున్నాను. కుడి చేత్తో మెయిన్ ఆపాను.

బల్బు ఆరిపోయింది.

ఆపినా లోపలి డబ్బాల్లో కరెంటు మిగిలే ఉంటుందని గిరి చెప్పేవాడు. అది ఎలా తీసెయ్యాలో నాకు తెలీదు. గదికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. ఎవరు ఆ తలుపు వైపు నడిచినా లేచి అడ్డం పోతున్నాను.

మా తమ్ముడు పాత ఇనుప సామాన్ల మనిషికి ఫోన్ చేశాడు. ఎల్లుండి ఆటో తెస్తాడంట. "అది కండ్ల ముందుంటే నీకే బాధ గదక్కా" అంటాడు.
ఆ వచ్చే మనిషికి ఏం తెలుసు? రెండు చేతులూ లోపల పెట్టి లాగుతాడు.
అతనికీ ఇంట్లో అమ్మ ఉంటుంది.

మీలో తెలిసినవాళ్ళు ఎవరైనా ఆ లోపే రండి. లోపలి కరెంటు తీసెయ్యండి. మిషన్ ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకెళ్ళండి, ఇనుము కింద మాత్రం పోనివ్వకండి. మేము రుద్దిన కార్డులు పాత చీరలో చుట్టి పెట్టాను.

ఒక చెయ్యి జేబులో పెట్టుకుని రండి. జేబు లేకపోతే వాడి లుంగీ ఇస్తాను.

గిరీ, బల్బు ఆపేశాను నాయనా. నువ్వు చెప్పినట్టే చూసుకున్నాను. ఒక్కసారి కూడా పెద్దగా వెలగలేదు.

ఇంక ఆ చెయ్యి జేబులోంచి తీసెయ్.
ఏ భయమూ లేకుండా చల్లగా పడుకో.