ఆచార్యులవారి పాదపూజ

1946 ఎండాకాలం చివర నన్ను మదనపల్లె నుంచి తిరుపతికి మార్చారు. నా హోదా సబ్ అసిస్టెంట్ సర్జన్. వినడానికి పెద్దగానే ఉంటుంది గానీ, మా పైన అసిస్టెంట్ సర్జన్, ఆయన పైన చిత్తూరులో జిల్లా వైద్యాధికారి ఉండేవారు. కోయాల్సిన పని వాళ్ళది, కడగాల్సిన పని మాది. నా కింద ఒక కాంపౌండరు, కట్లు కట్టే డ్రెస్సరు మునెప్ప ఉండేవారు.

కొండ కింది ఊరు కాబట్టి ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో ఎక్కువమందివి కాళ్ళ బాధలే. చెప్పుల్లేకుండా మెట్లెక్కి దిగి, పిక్కలు పట్టేసి, మడమలు పగిలి, మా వరండాలో చతికిలబడేవాళ్ళు. వాళ్ళలో ఎవరికి ఓదార్పు చాలు, ఎవరికి వైద్యం కావాలి అన్నది తేల్చడమే మా పొద్దుటి పని. మంచం దిగి మొదటి అడుగు వెయ్యగానే మడమలో పొడిచి, కాస్త నడిచాక సర్దుకునే నొప్పయితే వేడినీళ్ళు, విశ్రాంతి చెప్పి పంపేవాణ్ణి. కాలు కింద మోపలేకపోయినా, ఒక్క కాలే వాచి వేడిగా ఉన్నా, పుండు పడి మానకపోయినా బెంచీ మీద కూర్చోబెట్టి కట్టు విప్పించేవాణ్ణి. ఇదంతా మా చదువులో ఉన్నదే. నొప్పి లేదని మొండికేసే మనిషిని బెంచీ దాకా ఎలా తేవాలో మాత్రం ఏ ప్రొఫెసరూ చెప్పలేదు.

ఆ మొండిమనిషి మా ఇంటి గురువుగారు. మా తాతల కాలం నుంచి మేము ఆయన వంశానికి శిష్యులం. ఊళ్ళో అందరూ ఆచార్యులవారు అనేవాళ్ళు, మేం స్వామీ అని పిలిచేవాళ్ళం. అరవై దాటినా గొంతు ఖంగుమనేది. తీపి అంటే ప్రాణం. ఏటా సెప్టెంబరు నడుమ మొదలయ్యే పెరటాసి నెల శనివారాల్లో ఒట్టి కాళ్ళతో కొండకు నడిచి వెళ్ళడం ఆయన నియమం. ఆ ఏడు పెరటాసి దగ్గరికొచ్చింది.

ఒకనాడు ఆయన భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, కంటిమందు కోసమని ఆసుపత్రికి వచ్చారు. కంట్లో నాకేమీ కనబడలేదు. కాంపౌండరు అవతలికి వెళ్ళేదాకా ఆగి అసలు సంగతి చెప్పారు.

"మీ స్వామి కాలు సూడాల నాయనా. చలికాలమంతా కాళ్ళు మంటలని దుప్పటి గూడా తగలనియ్యలేదు. ఇప్పుడేమో నొప్పి పూరా పోయిందంటాడు. పోతే మంచిదే. అయితే ఆయన నడిచిన సోటల్లా నేల మీద తడి మరక పడతా ఉండాది. నేనే తుడస్తా ఉండా."

తడి మరక అనగానే నాకు చక్కెర జబ్బు అనుమానం తగిలింది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు పాదాల్లో నరాలు ముందు మండుతాయి, తర్వాత మొద్దుబారతాయి. మంట తగ్గిందని మనిషి సంబరపడుతుంటాడు, అడుగున పుండు ఎముక దాకా పోతుంటుంది. ఆ కాలు ఉంటుందా ఊడుతుందా అన్నది ఇక రోజుల మీద నడిచే వ్యవహారం.

సాయంత్రమే వెళ్ళి, కాలు చూపించమని వినయంగా అడిగాను. ఆయన పాదాలను పంచె కిందికి లాక్కున్నారు. ఆయన అన్నగారికి మద్రాసులో మోకాలి కింద కాలు తీసేశారు. అప్పటినుంచి డాక్టరును చూస్తే స్వామికి రంపం కనబడుతుందని అమ్మగారు ముందే చెప్పారు.

"నొప్పి లేనివాణ్ణి చూసి నువ్వేం చేస్తావప్పా? నొప్పి ఉండేవాళ్ళు నీ ఆసుపత్రి కాడ బారులు తీరి ఉండారు, ఆడికి పో," అన్నారు.

డాక్టరుగా నన్ను గెంటేశారు సరే, శిష్యుడిగా గెంటలేరు కదా. ఆయన స్నానం చేసి మడి కట్టుకున్నాక ఎవరూ తాకకూడదు. స్నానానికి ముందు మాత్రం కాసేపు అరుగు మీద కూర్చుంటారు, శిష్యులు పాదాలంటి దండం పెట్టుకోవచ్చు. మర్నాడు నేను అక్కడ హాజరు.

వంగి రెండు పాదాలూ పట్టుకున్నాను. పాదం మీద, బొటనవేలి నరానికి పక్కగా ఒక నాడి ఉంటుంది. అది కొట్టుకుంటూ ఉంటే కాలికి రక్తం అందుతున్నట్టు లెక్క. ఎడమ పాదం మీద వెంటనే దొరికింది. కుడిది వాచి, వేడిగా ఉంది. వాపులో నాడి కోసం వేళ్ళతో వెతుకుతూ ఉండిపోయాను. స్వామి పైనుంచి ఆయుష్షు ఇచ్చారు, ఆరోగ్యం ఇచ్చారు, ఐశ్వర్యం ఇచ్చారు. నేనింకా లేవకపోయేసరికి సత్సంతానం కూడా ఇచ్చారు. నాకప్పటికి పెళ్ళే కాలేదు. చివరికి "లేయప్పా, ఇంక ఇచ్చేదానికి నా కాడ ఏం లేదు," అన్నారు. ఆ సమయానికి నాడి దొరికింది. సన్నగానైనా ఉంది. ప్రాణం లేచొచ్చింది.

మరుసటి రోజు మునెప్పను పంపాను. కట్లు విప్పీ విప్పీ అతని ముక్కు ఆరితేరింది. దండం పెట్టి వచ్చి, "కుడికాలే సార్. మూన్నాళ్ళు విప్పని కట్టు వాసనొస్తా ఉండాది. ఆ స్వామి నన్ను తాసిల్దారు కమ్మని దీవించినాడు," అన్నాడు.

పాదం పైభాగం తెలిసింది, అడుగు చూడాలి. దండం పెట్టేవాడికి అరికాలు కనబడదు. దానికొక్కటే దారి. శిష్యుడు గురువు పాదాలు పళ్ళెంలో ఉంచి కడిగి పూజ చేస్తానంటే ఏ ఆచార్యుడూ కాదనడు. అడిగాను. స్వామి మురిసిపోయారు. ఇంగ్లీషు చదువు చదివినవాడికి ఇంత భక్తి ఎలా వచ్చిందని అమ్మగారితో అన్నారట. ఆవిడ తలవంచుకుని పళ్ళెం తోమారు.

కాచి చల్లార్చిన నీళ్ళలో పొటాషియం పర్మాంగనేట్ రెండు పలుకులు వేసి, చెంబుతో తీసుకెళ్ళాను. అది పుండ్లు కడిగే మందు. నీళ్ళు గులాబీ రంగులో ఉన్నాయేమని స్వామి అడిగారు. శ్రేష్ఠమైనవి, మద్రాసు నుంచి తెప్పించినాను స్వామీ అన్నాను. అబద్ధమేమీ లేదు, మా మందులన్నీ అక్కడినుంచే వచ్చేవి.

ఆయన కళ్ళు మూసుకుని శ్లోకం అందుకున్నారు. నేను కుడిపాదం ఎత్తి చూశాను. బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, గుంటలాంటి పుండు. అంచులు తెల్లగా కాయకట్టి ఉన్నాయి. పక్కనున్న దర్భపుల్ల తీసి మొనతో పుండు చుట్టూ గుచ్చాను. శ్లోకం ఆగలేదు. ఇంకాస్త గట్టిగా గుచ్చాను. రాగం కూడా మారలేదు. గుంటలో ఏదో నల్లగా కనబడితే జేబులోని పట్టకారుతో పట్టి లాగాను. వేలి కణుపంత తుమ్మముల్లు ఊడి వచ్చింది, వెనకాలే చీము. స్వామి ఫలశ్రుతి చదువుతున్నారు.

పూజ ముగిసింది. కళ్ళు తెరిచి, ప్రసన్నంగా, "తీర్థం తీసుకో నాయనా," అన్నారు.

పాదాలు కడిగిన నీళ్ళు శిష్యుడు మూడు గుక్కలు తీర్థంగా తాగాలి. ఈ సంగతి నేను ముందు ఆలోచించుకోలేదు. పళ్ళెంలో గులాబీ నీళ్ళు, చీము, నెత్తురు. అమ్మగారు గుమ్మంలోంచి తాగొద్దని తల అడ్డంగా ఊపుతున్నారు.

"స్వామీ, ఈ నీళ్ళు నేను తాగలేను," అన్నాను. పళ్ళెం అంచున ముల్లు పెట్టి చూపించాను.

"ఇది యాడిది?"

"మీ కాల్లోదే. ఇప్పుడే తీసినాను."

ఆయన ముల్లును చూశారు, అరికాలు తిప్పి చూసుకున్నారు, మళ్ళీ ముల్లును చూశారు. "నాకు తెలియలేదే," అన్నారు. ఆ గొంతులో ఖంగు లేదు. అంత పెద్ద మనిషి అప్పుడు నిజంగా భయపడ్డారు. ఆ భయం కోసమే నేను అన్ని దండాలు పెట్టాను.

ఆసుపత్రిలో మూత్రం పరీక్ష చేశాం. బెనెడిక్ట్ ద్రావణంలో వేసి కాస్తే, చక్కెర లేకపోతే నీలంగానే ఉంటుంది, ఎక్కువగా ఉంటే ఇటుక రంగుకు తిరుగుతుంది. స్వామిది కొత్త ఇటుక. సల్ఫా మాత్రలు, ఇన్సులిన్ సూదులు, రోజూ కట్టు. బొటనవేలు సగం పోయింది, అసిస్టెంట్ సర్జన్ తీశారు. పాదం దక్కింది. పెరటాసికి నడక వద్దన్నాను. మెట్లదారిని చూసి నిట్టూర్చి, ఘాట్ రోడ్డు బస్సులో వెళ్ళారు. దారి పొడుగునా డ్రైవరుకు నా మీద చాడీలు చెప్పారట.

ఆ తర్వాత ఆయన అరుగు మీద పద్ధతి మారింది. దండం పెట్టడానికి ఎవరు వంగినా, "దండం ఉండనీ, ముందు నీ అరికాలు చూపించు," అనేవారు. శిష్యులు వెల్లకిలా పడి కాళ్ళెత్తి చూపించేవాళ్ళు. పుండు మానలేదన్న వాణ్ణీ, కాలు మొద్దుబారిందన్న వాణ్ణీ నా దగ్గరికి తరిమేవారు. అలా వచ్చినవాళ్ళలో ఇద్దరు ముగ్గురివి నిజంగా ముదిరిన కేసులే.

తర్వాత ఏ ఊళ్ళో పనిచేసినా కాలినొప్పి అని వచ్చినవాళ్ళను ఒక ప్రశ్న ఎక్కువ అడిగేవాణ్ణి. నొప్పి తగ్గింది సరే, పుండు కూడా మానిందా అని. పుండు మానకుండా నొప్పి మాత్రమే మానితే, మంచమెక్కించి అరికాలు చూడకుండా వదిలేవాణ్ణి కాను. నొప్పి ఉన్న రోగి కుంటుకుంటూనైనా తనంతట తానే డాక్టరు దగ్గరికి వస్తాడు. నొప్పి తెలియని రోగి రాడు. వాడి దగ్గరికి మనమే వెళ్ళాలి.