హనుమాన్ జంక్షన్ అనే వెనిస్

మా అమ్మకు నా మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే, నాకు నోట్లో నాలుక లేదని. అది నిజమే. ఎవరినైనా ఏదైనా అడగాలంటే నాకు గొంతు పట్టేసేది. కాలేజీలో ట్యూటరుగా చేరాక కూడా అంతే. క్లాసులో గంటసేపు గలగలా మాట్లాడేదాన్నే, బస్సెక్కితే "ఎనికెపాడులో ఆపండి" అన్న ముక్క నోట్లోంచి వచ్చేది కాదు. ఒకసారి అలాగే కండక్టరు వీపు చూస్తూ కూర్చుని గన్నవరం దాకా పోయాను. అక్కణ్ణించి ఇంకో బస్సు పట్టుకుని వెనక్కి వచ్చాను.

ఇలాంటి మనిషికి యూరప్ ప్రయాణం తగిలింది. డెబ్భైల మధ్యలో సంగతి. జర్మనీలో ఒక చర్చివాళ్ళు వచ్చే వేసవిలో యువజన శిబిరం పెడుతున్నామని, మా చర్చి నుంచి ఇద్దరిని పంపమని అడిగారు. రానూ పోనూ ఖర్చు వాళ్ళదే. పాటల బృందంలో నా పక్కన నిలబడి పాడే స్నేహితురాలినీ నన్నూ ఎంపిక చేశారు. శిబిరం అయ్యాక వీపున సంచి తగిలించుకుని ఒక నెల రోజులు రైళ్ళలో ఊరూరూ తిరగొచ్చట. అక్కడి కుర్రకారంతా అలాగే తిరుగుతారట. ఇక మా కాళ్ళు నేల మీద ఆగితే ఒట్టు.

మాకంటే నాన్న ఎక్కువ ఎగిరారు. ఆయన హైస్కూల్లో జాగ్రఫీ మాస్టారు. యూరప్‌లో నదులన్నీ కంఠతా వచ్చు, మద్రాసు దాటింది మాత్రం లేదు. రోజూ సాయంత్రం భవానీపురంలోని మా ఇంట్లో భోజనాల బల్ల మీద పాత అట్లాసు తెరుచుకునేది. అమ్మ కుట్టుపని డబ్బాలోంచి ఎర్రదారం తీసి శిబిరం ఉన్న ఊరు నుంచి వియన్నాకు, అక్కణ్ణించి వెనిస్‌కు, రోమ్‌కు, పారిస్‌కు పరిచేవారు. మర్నాటికి అది ఆయనకే నచ్చేది కాదు. దారం పీకి మళ్ళీ మొదలు.

"ఏవండీ, ఆ రోమ్‌ని కాస్త పక్కకి జరిపితే పులుసు గిన్నె పెడతాను" అనేది అమ్మ.

వీపున వేసుకునే ఆ పెద్ద సంచులు బెజవాడంతా గాలించినా దొరకలేదు. చివరికి లారీలకు సీటు కవర్లు కుట్టే దర్జీ దగ్గరికి వెళ్ళి, ఒక పత్రికలోని ఫొటో చూపించాం. మంచి మందపాటి టార్పాలిన్‌తో గట్టిగానే కుట్టాడు. కాకపోతే చెయ్యి అలవాటున అంచులకు ఎర్ర పైపింగు వేసి, కిందంతా పసుపుపచ్చ కుచ్చులు వేలాడదీశాడు. "కుచ్చులెందుకండీ?" అని నా స్నేహితురాలు అడిగితే, "ఊరికే వేశానమ్మా, మీరేం ఇవ్వక్కర్లేదు" అన్నాడు మురిసిపోతూ. ఆ తర్వాత విప్పమని చెప్పడానికి దానికే నోరు రాలేదు, ఇక నాకేం వస్తుంది!

ఇన్ని జరుగుతున్నా అమ్మ వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆవిడ అవునంటేనే మా ఇంట్లో ఏదైనా అయినట్టు. నాన్న ఉత్సాహమంతా ఆవిడ కాదననంత వరకే. ఒకరోజు చపాతీలు వత్తుతూ అసలు ప్రశ్న వేసింది.

"రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటారే?"

"యూత్ హాస్టళ్ళుంటాయమ్మా. లేకపోతే రైల్లోనే."

"చోటు లేదంటారు. రైలు వెళ్ళిపోతుంది. అప్పుడో?"

"నేనున్నాగా ఆంటీ! నేను అడుగుతాను" అంది నా స్నేహితురాలు. అది రాయితోనైనా మాట్లాడగలదు.

"నువ్వు అడుగుతావమ్మా, నాకు తెలుసు. నీకు జ్వరమొస్తే? జనంలో నువ్వు తప్పిపోతే? ఎనికెపాడు దగ్గర నోరు పెగలనిది వెనిస్‌లో ఏం అడుగుతుంది?" అప్పడాల కర్ర నా వైపు చూపించింది. "దీన్ని పంపను."

నాన్న అట్లాసు మూశారు, కానీ దారం అందులోనే ఉంచారు. నేను వారం రోజులు అన్నం దగ్గర మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు అమ్మే ఒక షరతు పెట్టింది. ఆ సంచులు తగిలించుకుని ఇద్దరం ఇక్కడే ఒక రాత్రి బయట గడిపి రావాలి. చుట్టాల ఇళ్ళకు వెళ్ళకూడదు. ఎవరి పిల్లనో చెప్పకూడదు, ఎందుకంటే ఈ డెల్టాలో సగం ఊళ్ళలో నాన్న దగ్గర చదువుకున్నవాళ్ళున్నారు, ఆ పేరు చెబితే చాలు చాపలు పరుస్తారు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఏం కావలసినా నేనే అడగాలి. నా స్నేహితురాలు నోరెత్తకూడదు. బైబిలు మీద చెయ్యేయించి మరీ ఒట్టు పెట్టించింది. అడిగి వస్తే యూరప్, అడగలేక వస్తే కాలేజీ.

నాన్నకు మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. గన్నవరానికి వియన్నా అని, అక్కణ్ణించి నడిచి చేరవలసిన హనుమాన్ జంక్షన్‌కు వెనిస్ అని పేర్లు పెట్టారు. "చేలన్నీ నీళ్ళతో ఉన్నాయిగా, సరిపోతుంది" అన్నారు.

వానలు పడుతున్న కాలం. గన్నవరంలో బస్సు దిగేసరికే కుచ్చుల సంచుల వెనకాల ఊరేగింపు తయారైంది. టీ కొట్లో కుండెడు మంచినీళ్ళున్నాయి. వాటి ముందు నిలబడి నేను నేలచూపులు చూశాను. కొట్టాయన తన పనిలో తనున్నాడు. ఒక్క గ్లాసు నీళ్ళు అడగలేక దాహంతోనే రోడ్డెక్కాను. నా స్నేహితురాలు ఒట్టు తప్పకుండా, కళ్ళతోనే నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. దారి పొడుగునా ట్రాక్టర్లవాళ్ళు ఆపి "ఎవరి తాలూకమ్మా? ఎక్కండి, దింపుతాం" అంటుంటే తలలు అడ్డంగా ఊపుతూ నడిచాం. పాపం, మూగపిల్లలనుకున్నారు కాబోలు.

జంక్షన్ చేరేసరికి మసక పడింది, వాన దంచికొట్టింది. రోడ్డు మీద లాడ్జీలనిండా లారీడ్రైవర్లే. పరుగెత్తి ఒక పెంకుటింటి అరుగు ఎక్కాం. అలికిడికి ఇంటావిడ తలుపు తీసింది. మా అమ్మ వయసే ఉంటుంది.

"ఏం కావాలమ్మా?"

నేను వెనక్కి తిరిగి వీధిలోకి చూపించాను. "ఏం లేదండీ. వాన."

"ఔనౌను, వానే" అని ఆవిడ తలుపేసుకుంది.

నా స్నేహితురాలు అరుగు మీద కూలబడి నుదురు కొట్టుకుంది. దాని కాళ్ళు బొబ్బలెక్కాయి, ఒళ్ళంతా వణుకుతోంది, నోరు మాత్రం విప్పడం లేదు. నా కోసం ఇంత పడుతోందే అని నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే ఒళ్ళు మండింది, నా మీద నాకే. వెళ్ళి తలుపు దబదబా బాదాను.

"అండీ, ఈ రాత్రికి మాకు పడుకోవడానికి చోటు కావాలండీ. అన్నం కావాలి. పొడి తువ్వాలు కావాలి. దీని కాళ్ళకి వేణ్ణీళ్ళు కావాలి. దాహంగా ఉందండీ, పొద్దుట్నించీ దాహంగా ఉంది!"

ఆవిడ నోరు తెరుచుకుని చూసింది. "ఓసి పిచ్చిదానా, ఆ ముక్క ఇందాకే చెప్పొద్దూ? లోపలికి రండి. ఎవరి పిల్లవే?"

"చెప్పకూడదండీ."

"కొంపదీసి ఇంట్లోంచి పారిపోయొచ్చారా?"

"కాదండీ, యూరప్ వెళ్ళడానికండీ."

"యూరప్‌కి జంక్షన్ మీదుగానా దారి?" అందావిడ. కథంతా చెబుతుంటే పొట్ట పట్టుకుని నవ్వింది. ముద్దపప్పు, గోంగూర పచ్చడితో అన్నం పెట్టింది. నెయ్యి ఇంకొంచెం కావాలని కూడా అడిగాను. ఒకసారి తెరిచాక నోరు మూతపడలేదు. పొద్దున్నే ఆవిడే మమ్మల్ని బస్సెక్కించింది. ఎవరి పిల్లనో చెప్పకుండానే వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. ఒట్టు తీరిపోవడంతో నా స్నేహితురాలు గేటు దగ్గర్నించే మొదలెట్టింది. "ఇదే అడిగింది ఆంటీ! చోటు, అన్నం, తువ్వాలు, వేణ్ణీళ్ళు, నెయ్యి! ఆపలేక చచ్చాను!"

అమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా వీపు మీది సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నా ట్రైనింగు అయినప్పుడు మా ఆసుపత్రి దొరసాని డాక్టరమ్మ నన్ను వాళ్ళ దేశం తీసుకెళ్తానంది. పై చదువుకి. మా నాన్నని అడిగి చెప్పమంది. రోజూ ఆయన అన్నం తినేటప్పుడు తలుపు వెనక నిలబడేదాన్ని. ఇవాళ అడుగుతా, రేపు అడుగుతా. ఆవిడ ఓడెక్కి వెళ్ళిపోయింది." కుచ్చులు సవరిస్తూ ఉండిపోయింది. "వద్దనేవాడేమోలే. పంపేవాడేమో కూడా. నేను అడగనే లేదు కదే."

నాన్నకు కూడా ఈ సంగతి తెలియదని ఆయన మొహమే చెబుతోంది. నాకు అమ్మను వాటేసుకుని ఏడవాలనిపించింది.

"వెళ్ళిరా" అంది అమ్మ. లేచి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, సంచి తన వీపుకు తగిలించుకుంది. "దీనికింత హడావిడేమిటే? బరువేం లేదే!" అంటూ మెట్లు దిగి, గేటు తీసుకుని వీధిలోకి వెళ్ళింది.

పక్కింటావిడ వాకిట్లో ముగ్గేస్తున్నదల్లా తలెత్తింది. "ఏవండీ సిస్టరుగారూ, ఎక్కడికి ప్రయాణం?"

"రోమ్‌కండీ" అంది అమ్మ.

"ముందు వియన్నా!" అని నాన్న గేటు దగ్గర్నించి అరిచారు. అమ్మ వెనక్కి తిరగలేదు. పసుపుపచ్చ కుచ్చులు ఊగుతుంటే వీధి చివరిదాకా నడిచి, మలుపు తిరిగింది.