ఏడు మీది గీత

రెఫరీగా నాకది మొదటి సీజన్. ఇబ్రహీంపట్నంలో బడిపిల్లల బాస్కెట్‌బాల్ పోటీ. ఆటకు ముందు, నేను అన్న అని పిలిచే సీనియర్ రెఫరీ ఒకటే మాట చెప్పాడు.

"విజిల్ ఊదినంక తడబడకు. తప్పైనా గట్టిగనే చెప్పు. లేకుంటే నీ మాట ఎవ్వలు ఇనరు."

ఆఖరి నిమిషాల్లో నీలి చొక్కాల జట్టు పిల్ల ఒకతె అవతలి పిల్లను తోసింది. విజిల్ ఊదాను. ఆమె వీపు మీద తెల్లటేపుతో అతికించిన అంకె చూసి, స్కోరు రాసేవాళ్లకు ఒక వేలు చూపించాను.

ఒకటో నంబరు పిల్లకు అది ఐదో ఫౌల్. ఇక ఆడనివ్వరు.

"నేను కాద్సార్," అంటూ ఆ పిల్ల నా ముందుకొచ్చింది. అప్పుడు చూశాను. తోసిన పిల్ల వేరు, ఆమె చొక్కా ముందువైపు ఏడు ఉంది. వీపు మీద చెమటకు పైగీత ఊడిపోయి ఒకటిలా మిగిలింది. టేపుతో నంబర్లేమిటి, దరిద్రం, అని మనసులో తిట్టుకున్నాను. అవతల అన్న నన్నే చూస్తున్నాడు.

"బయటికి నడువ్," అన్నాను, గట్టిగానే.

వెళ్లింది. తర్వాతి టైమౌట్‌లో టేపు చుట్ట తెచ్చి, ఏడో నంబరు పిల్ల వీపు మీద గీత అతికించి, అరచేత్తో రుద్దింది. నా వైపు తిరిగింది.

"ఇప్పుడు మంచిగ కనబడ్తుందా సార్?"