జల్లాఖ్ తోటలో ఆస్ట్రేలియా రైతు

నేను బహ్రెయిన్ వెళ్ళింది కట్టడం పనికి. తొంభైల మొదట్లో మాట. ముహర్రక్‌లో విమానం దిగిన మూడో రోజు కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, పంపిన మనిషి క్యాంపుకు వచ్చి మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టాడు. "వ్యవసాయం ఎవరికి తెలుసు?" అని హిందీలో అడిగాడు. అక్కడున్న మా జగిత్యాల వైపు వాళ్ళలో సగం మంది రైతులే. కానీ గల్ఫ్ దాకా వచ్చి మళ్ళీ మట్టి పిసకడమేమిటని ఒక్కరూ కదలలేదు. నేను మాత్రం చెయ్యెత్తాను. పన్నెండేళ్ళు కౌలు పొలం దున్నినవాణ్ణి. సిమెంటు బస్తాలకన్నా మట్టే నయమనిపించింది.

ఆ సాయంత్రమే సామాన్ సర్దుకుని జల్లాఖ్‌లోని కఫీల్ తోటకు చేరాను. పడమటి వైపు సముద్రం, గట్టున ఖర్జూరం చెట్లు, వాటి వెనక పదెకరాల ఖాళీ నేల. అప్పటికి ఆ తోటలో ఉన్నది ఒక్కడే, కోనసీమ నుంచి వచ్చిన పెద్దాయన. ఖర్జూరాలు చూసుకుంటూ, వంట కూడా తనే చేసుకునేవాడు. మా వైపు అలవాటు కొద్దీ "కాకా" అన్నాను.

"కాకా అంటే నాకు కాకే గుర్తొస్తాది. బాబాయ్ అను," అన్నాడు.

మరునాడు పొద్దున నేల చూసి దిగులు పడ్డాను. ఉప్పు చల్లినట్టు పైనంతా తెల్లటి పొర. మా ఊళ్ళో దీన్ని చౌడు అంటాం, పశువులను తోలడానికి తప్ప వాడం. బావి నీళ్ళు పుక్కిలిస్తే నోరంతా ఉప్పగా అయింది. కఫీల్ కిందటేడు టమాట వేయించాడట. నారు వారం తిరక్కుండా మాడిపోయిందని బాబాయ్ చెప్పాడు.

"మరి నన్నెందుకు పిలిపిచ్చిండ్రు బాబాయ్?"

"ఆస్ట్రేలియా నుంచి ఓ దొర వస్తన్నాడంట. ఆయన చెప్తాడు, నువ్వు చేస్తావు. నేను చూస్తాను."

పంటకాలం కూడా అక్కడ తలకిందులే. మాకు తొలకరితో మొదలైతే, అక్కడ వానతో పనే లేదు. ఎండ తగ్గాక దసరా రోజుల్లో నాటి, ఎండలు ముదరకముందే పంట తీసేయాలి. వేసవంతా నేలకు సెలవు.

దొర అంటే నేను ఏసీ కారు, నల్లద్దాలు ఊహించుకున్నాను. వచ్చినాయన పాత పికప్ దిగాడు. నలభై ఏళ్ళుంటాయి. మెడ ఎండకు కమిలి ఎర్రగా ఉంది, అరచేతులు నా చేతులకన్నా మొరటుగా ఉన్నాయి. సలాం పెట్టబోతే చేయి కలిపి, నా చేతిలోని పార తీసుకుని తవ్వడం మొదలుపెట్టాడు. నడుం లోతు గొయ్యి తవ్వి అందులోకి దిగి కూర్చున్నాడు. గోడ నుంచి చిటికెడు చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుని ఉమ్మేస్తున్నాడు.

"ఏంటిది, ఈయనకేమన్నా పట్టిందా?" అని గొణిగాడు బాబాయ్.

నాకు మాత్రం అది కొత్త కాదు. ఏ పొలమైనా కౌలుకు తీసుకునే ముందు మా నాయన చేసే పని అదే. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన మనిషి, మా నాయన లాగానే, పైమట్టి రుచి వేరుగా, లోపలి మట్టి రుచి వేరుగా చూస్తున్నాడు.

మా ఇద్దరి మధ్యా నాకు వచ్చీరాని ఇంగ్లీషు, ఆయనకు పట్టుబడిన నాలుగు హిందీ ముక్కలు, మిగతాది సైగలు. ఉప్పు నీటితో పాటే కదులుతుందని ఆయన నేల మీద గీతలు గీసి చూపించాడు. ముందు మడులు కట్టి నీళ్ళు నిలబెట్టి ఉప్పును కిందికి దింపాలి. తర్వాత మట్టి ఎత్తుగా ఎగదోసి బోదెలు తోలాలి. కానీ నారు బోదె నెత్తిన పెట్టకూడదు, ఎందుకంటే తడి ఆరేకొద్దీ మిగిలిన ఉప్పంతా ఎగబాకి నెత్తి మీదికే చేరుతుంది. బోదె భుజం మీద, డ్రిప్ పైపు నీటికి దగ్గరగా పెట్టాలి. ఇన్నేళ్ళు వ్యవసాయం చేసి ఉప్పు కూడా నడుస్తుందని నాకు తెలియదు. నెల తిరిగేసరికి బోదెల నెత్తిన తెల్లటి గీత గీసినట్టు ఉప్పు పేరుకుంది. దానికి జానెడు దిగువన మొక్కలు పచ్చగా నిలబడ్డాయి. రోజూ పొద్దున లేవగానే ముఖమైనా కడగకుండా వెళ్ళి ఆ తెలుపునూ ఆ పచ్చదనాన్నీ చూసేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఖర్జూరాల నీడలో అన్నం తింటూ అడిగాను.

"సార్, మీ ఊళ్ళో మీకు ఎన్ని ఎకరాల భూమి ఉంది?"

"లేదు," అన్నాడు.

నా ఇంగ్లీషు తప్పిందనుకుని మళ్ళీ అడిగాను. ఆయన జేబులోంచి ఒక ఫోటో తీసి ఇచ్చాడు. గోధుమ చేను. దానికి గట్లు లేవు, చెట్లు లేవు, ఆకాశం అడ్డం వచ్చేదాకా ఒకటే చేను. మధ్యలో చీమంత ఎర్రటి చుక్క. అది కోత యంత్రమని, అందులో ఉన్నది తానేనని చెప్పాడు.

"ఇదంతా మీది కాదా సార్?"

"మా నాన్నా నేనూ ఇరవై ఏళ్ళు దున్నాం. కౌలుకు. బ్యాంకు వడ్డీలు పెరిగాయి, యజమాని అమ్మేశాడు. పక్క రైతు కొన్నాడు. ఆయనకు అలాంటివి ఇంకో నాలుగున్నాయి."

అక్కడ భూమి ఎకరం రెండెకరాలుగా అమ్మరట. వేలకు వేల ఎకరాలు ఒక్క తునకగా అమ్ముతారు. కొనాలంటే ముందు పెద్ద మొత్తం చేతిలో ఉండాలి. ఉన్నవాడే మళ్ళీ కొంటాడు. ఆ ముందు మొత్తం కూడబెట్టడానికే ఎనిమిదేళ్ళుగా ఎడారి దేశాలు తిరుగుతున్నానని చెప్పాడు.

"నువ్వెందుకొచ్చావు?" అని అడిగాడు.

"భూమి కోసమే సార్. కాలువ కింద ఒక్క ఎకరం."

ఆయన నవ్వలేదు. ఒక్క ఎకరమా అనలేదు. "కాలువలో నీళ్ళు ఎన్ని నెలలు వస్తాయి?" అని అడిగాడు. నేను వేళ్ళు ముడిచి లెక్క చెప్పి, ఆ ఫోటో మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. అంత భూమి ఉన్న దేశంలో, దున్నడం అంత బాగా తెలిసిన మనిషికి కాలు మోపడానికి సొంత జాగా లేదు. మా నాయనకు భూమి దొరకకపోవడం మా తలరాత అని, మా ఊరి సంగతి అని ఆనాటి దాకా అనుకునేవాణ్ణి.

మాఘమాసం వచ్చేసరికి టమాట ఎర్రబడింది. ఒక శుక్రవారం కఫీల్ తన ముసలి తల్లిని బుసైతీన్‌లోని ఇంటి నుంచి తీసుకొచ్చాడు. ఆమె కర్ర ఊతంతో సాళ్ళ మధ్యకు వచ్చి, ఒక పండు తెంపి, నల్లటి అబాయా అంచుకు తుడిచి కొరికింది. కాసేపు సముద్రం వైపు చూసి అరబ్బీలో ఏదో చెప్పింది. కఫీల్ కారు డ్రైవరు భాయ్ మాకు హిందీలో చెప్పాడు. ఆమె చిన్నతనంలో ఇక్కడ తీపి ఊటలు పొంగేవట. సముద్రం అడుగున కూడా ఊటలుండేవట. మనుషులు తోలు తిత్తులతో మునిగి, ఉప్పునీటి కింద నుంచి మంచినీళ్ళు పట్టుకొచ్చేవారట. దొర టోపీ తీసి చేతిలో పట్టుకుని విన్నాడు. బాబాయ్ సముద్రం వైపు తిరిగి దండం పెట్టాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే దొరకు ఫ్యాక్స్ వచ్చింది. వాళ్ళ ఊరి దగ్గర ఒక పొలం వేలానికి వస్తోంది. వాళ్ళ తమ్ముడు అక్కడ వేలం హాలులో ఉండి ఫోన్‌లో ధర చెబుతుంటే, ఈయన ఇక్కడి నుంచి అవును, కాదు అనాలి.

"నువ్వు కూడా రా," అన్నాడు నాతో. "ఒక్కణ్ణే ఉండలేను."

వాళ్ళకు మధ్యాహ్నమైతే మాకు అప్పుడే పొద్దు పొడుస్తోంది. తోట ఆఫీసు అంటే ఒక రేకుల గది. అందులో ఎరువు బస్తాలు, బల్ల, ఫోను. ఆయన నిలబడే మాట్లాడాడు. నేను బస్తా మీద కూర్చున్నాను. మొదటి ధర విని "యెస్" అన్నాడు. రెండోసారి "యెస్" అన్నాడు. మూడోసారి కళ్ళు మూసుకుని అన్నాడు. నాలుగోసారి చాలాసేపు గోడ వైపు చూశాడు. వేలం నాదే అయినట్టు నేను బస్తా మీంచి లేచి నిలబడ్డాను.

"నో," అన్నాడు.

 అవతల తమ్ముడు ఏదో చెబుతూనే ఉన్నాడు. విని, ఫోన్ పెట్టేసి, టోపీ తలకు పెట్టుకున్నాడు.

"యల్లా, పద," అన్నాడు. "మూడో సాలులో నీళ్ళు సరిగ్గా రావడం లేదు."

ఎనిమిదేళ్ళు దాచుకున్న ఆశ అప్పుడే చేజారిన మనిషి వెళ్ళి సాలులో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. డ్రిప్ పైపు చిల్లుల్లో ఉప్పు గట్టిపడింది. ఒక్కొక్కటీ విప్పి, నోటితో ఊది, మళ్ళీ బిగిస్తున్నాడు. నేను రెండో కొస నుంచి మొదలుపెట్టాను. మేమిద్దరం సాలు మధ్యలో కలిసేసరికి ఎండ ఎక్కింది. 

"నువ్వు మాత్రం ఆగొద్దు," అన్నాడు. "నీకు అందే ధర ఉండగానే కొనేసెయ్. భూమి మన కోసం ఆగదు."

అంత గుండె నిబ్బరం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆ మధ్యాహ్నం బాబాయ్‌కి చెప్పాను. సాయంత్రం తను దాచుకున్న మామిడికాయ పచ్చడి తీసి దొర పళ్ళెంలో వేశాడు.

దొర ఇంకో పంటకాలం ఉన్నాడు. ఆ ఏడు దోస, లూసర్న్ గడ్డి కూడా వేశాం. పంట తీశాక కాంట్రాక్టు ఖలాస్ అయింది, వెళ్ళిపోయాడు. తోట నా చేతికి వచ్చింది. ఆ వేసవి సెలవుకు వెళ్ళినప్పుడు, ఆయన మాట చెవిలో మోగుతుండగా, కాలువ చివర ఎకరం పది గుంటలు కొన్నాను. రిజిస్ట్రేషన్ రోజున మా నాయన కాగితం చదవలేక దాన్ని చేత్తో తడిమి చూశాడు.

మరుసటి ఏడాది దొర దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. కఫీల్ ఆఫీసులోని తెలుగు గుమస్తా చదివి వినిపించాడు. ఆ ఊళ్ళోనే పిల్లల్లేని ముసలి దంపతులున్నారట. వేలానికి పెడితే తమ పొలం కూడా మునుపు కొన్న ఆ పెద్ద రైతుకే పోవడం వాళ్ళకు నచ్చలేదు. ఎనిమిది వందల ఎకరాలు ఈయనకు కౌలుకిచ్చి, ఏటా కొంత కొంత కొనుక్కునేలా రాసిచ్చారు. అక్కడి లెక్కలో తానొక చిన్న రైతునని రాశాడు.

"ఎనిమిది వందల ఎకరాలోడు చిన్న రైతా?" అన్నాడు బాబాయ్. "మా కోనసీమలో అయితే నాలుగూళ్ళు కలిపినా అంతుండదు కదరా." తర్వాత తనే అన్నాడు, "పోనీలే. ఆయనకో నేల దొరికింది."

ఉత్తరం చివర ఇంకొంచెం ఉంది. వాన పడకముందే పొడి నేలలో గోధుమ విత్తేశాననీ, ఇక ఆకాశం వైపు చూడడమే పని అనీ రాశాడు. మీరేం వేశారని అడిగాడు.

గుమస్తా కాగితం, పెన్ను తీసుకుని నా వైపు చూశాడు.  ఆ వారమే మేం టమాట మొక్కలన్నీ పీకేశాం. ఎండలు వచ్చేశాయి. మా ఊళ్ళో తొలకరికి ఇంకా నెల ఉంది. ఒకే భూమి మీద ఒకచోట మొక్క పీకుతున్న రోజునే, ఇంకోచోట విత్తనం మట్టిలోకి పోతోంది.

"రాయి అన్నా," అన్నాను. "ఈడ పంట అయిపోయింది సార్, నేల ఖాళీగున్నది. మా ఊరికాడ మా నాయన వాన కోసం చూస్తున్నడు. ముందు మీకు పడాలె."