బంటి గొంతులో కోడి మెడ

మాది రాజమండ్రిలో బట్టల వ్యాపారం చేసుకునే శాకాహార కుటుంబం. మా లాబ్రడార్ బంటి కూడా నాలుగేళ్లుగా పెరుగన్నమే తింటోంది. కుక్కలకు పచ్చిమాంసం మంచిదని పోయినేడాది నేను ఫోన్‌లో చదివాను. కొద్దికొద్దిగా అలవాటు చేయాలన్న పేరా కూడా అందులో ఉంది. దాన్ని తర్వాత తీరిగ్గా చదువుదామనుకున్నాను.

ఓ ఆదివారం అమ్మ పూజలో ఉండగా, పెరట్లో బంటి ముందు చికెన్ కొట్లో కొనుక్కొచ్చిన ఒక కోడి మెడ పెట్టాను. నమలాల్సిన అవసరం దానికి అంతవరకూ రాలేదు. పెరుగన్నంలాగే ఒక్క గుటకలో మింగబోయింది. మరుక్షణం దానికి ఊపిరి అందలేదు. ముందుకాళ్లతో మూతి గీరుకుంటూ గోడకేసి కొట్టుకుంటోంది. నాలుక నీలంగా మారింది. బయోటెక్నాలజీలో పీజీ చేసిన నేను దాని వీపు నిమురుతూ, "దగ్గు బంటీ, దగ్గు" అని సలహా ఇస్తున్నాను.

చప్పుడు విని అమ్మ మడిచీరతోనే వచ్చింది.

"ఏం పెట్టావురా?"

"కోడి మెడమ్మా."

"దవడలు గట్టిగా పట్టుకో. వదిలావంటే నా వేళ్లుండవు."

మణికట్టు దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, ఆ మెడను లాగి అవతల పారేసింది. బంటి కూలబడిపోయి, కాసేపటికి పెద్దగా ఊపిరి తీసుకుంది. అప్పుడు నేనూ తీసుకున్నాను.

అమ్మ మళ్లీ తలస్నానం చేసి వచ్చింది. నేను తిట్లకు సిద్ధమై నిలబడ్డాను. ఆవిడ తల తుడుచుకుంటూ, "చిన్న ముక్కలు కొట్టిమ్మంటే ఇవ్వరేంట్రా వాళ్లు?" అంది.

ముప్పై నాలుగేళ్లుగా అమ్మతో ఒకే ఇంట్లో ఉంటున్నాను. ఆవిడ నాకు బాగా తెలుసనే అనుకునేవాణ్ని.