నాయన గురి

ప్రొద్దుటూరులో మా ఇంట్లో కుట్టుమిషన్‌కు నూనె వేసినప్పుడల్లా, ఆ వాసనకు చిన్నప్పుడు జమ్మలమడుగులో మేమున్న జైలు క్వార్టర్సు కళ్లముందుకొస్తాయి. మా నాయన అక్కడ వార్డరు. గుట్ట దగ్గర ఫైరింగు సాధన నుంచి వచ్చిన రోజు ఆయన ఖాకీ చొక్కా చేతులకు తుపాకీ నూనెది అదే వాసన, దాంతోపాటు చెమట, ఎండకు మాడిన గుట్ట మట్టి.

ఒక ఏడు ఫైరింగు పరీక్షలో నాయన గురి తప్పాడు. తుపాకీ పేలకముందే కళ్లు మూసుకునేవాడట. మళ్లీ తప్పితే ఉద్యోగానికే ముప్పన్నారు. ఆ వేసవంతా, బండలు సెగలు కక్కే సాయంకాలాల్లో, ఊరగాయకు మామిడి ముక్కలు ఆరేసిన మంచం పక్కన బోర్లా పడుకుని, రోకలిని భుజానికి ఆనించుకుని, ఊపిరి సగం వదిలి ఆపాలనీ, వేలితో గుంజకుండా మెల్లగా నొక్కాలనీ తనకు తానే చెప్పుకునేవాడు. రోకలి కొస మీద నేను చింతగింజ పెట్టేదాన్ని. అది జారితే గురి తప్పినట్టే. అమ్మ వెనక నుంచి చెప్పాపెట్టకుండా ఇత్తడి తట్టను గరిటెతో దబీమని కొట్టేది.

"మళ్లా కండ్లు మూసుకుంటాండావు!"

"బెదురైతాదే, ఏం జెయ్యాల?"

"ఉత్త సద్దే గదయ్యా, నిన్నేం జేస్తాది?"

పక్కింటి మహబూబ్‌బీ అత్త గోడ మీంచి తొంగిచూసి పడీపడీ నవ్వేది.

తొలకరి పడేనాటికి తట్ట ఎంత మోగినా గింజ కదల్లేదు. పరీక్షలో నాయన గురి కుదిరిన రోజు అమ్మ ఓళిగలు చేసి వీధంతా పంచింది.

కొన్నాళ్లకు, నాయన ఆసుపత్రికి తీసుకుపోతుండగా ఓబులేసు అనే కుర్ర ఖైదీ చెయ్యి విదిలించుకుని వాగువంకలోకి పరుగెత్తాడు. నాయన తుపాకీ ఎత్తాడు. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాయి. వాడి వీపు మీద చిరిగిన చొక్కా, ఆ అవతల బట్టలుతుకుతున్న ఆడవాళ్లు కనిపించారు. వేలు ట్రిగ్గరు మీదికి పోలేదు. తుపాకీ దించి కేకేశాడు.

"ఒరే ఓబులేసూ, యాడికి పోతావురా? రేపు మీయమ్మ నిన్ను చూసేకి వస్తాండాది గదరా!"

వాడు ఆగి, అక్కడే కూలబడి ఏడ్చాడు. నాయన వాడి భుజం మీద చెయ్యేసి నడిపించుకొచ్చాడు. ఇంటికొచ్చాక మాత్రం, చొక్కా కూడా విప్పకుండా గడప మీదే కూర్చుండిపోయాడు. అమ్మే నీళ్లు తాగించింది.

ఇప్పుడు ఆ క్వార్టర్సు లేవు. గుట్టను కంకర కోసం తవ్వేశారు. అమ్మా నాయనా కూడా లేరు. పోయిన నెల పులివెందుల బస్టాండులో టీ అమ్మే ముసలాయన నా ముఖంలోకి తేరిపార చూశాడు.

"నువ్వు జమ్మలమడుగు వార్డరు సారు కూతురివి గదమ్మా? అచ్చం ఆయన పోలికే. నేను ఓబులేసును. సారు బాగుండాడా?"

చెప్పాను. ఆయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, టీ కోసం ఎవరెవరో పిలుస్తున్నా స్టవ్వు ఆర్పేశాడు.